పాత జర్మన్ గోథిక్ అచ్చు చదవడం ఎలా? ఎస్‌కీ ఎఫ్‌కీ తేడా తెలియడం లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ గురించి చదువుతున్నాను. 1746, 1747ల్లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించింది ఈయనే. ఆ కాలపు మిషన్ నివేదికల స్కాన్లు దొరికాయి కానీ అంతా గోథిక్ అక్షరాలే. జర్మన్ బాగానే వచ్చు, అయినా ఒక్క పేరా దాటలేకపోతున్నాను. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్‌తో చదివించడం) చేస్తే చెత్త వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: టెన్షన్ పడకండి, జర్మన్ వచ్చినవాళ్లకి ఇది కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. ఈ గోథిక్ అక్షరాల్నే బ్లాక్‌లెటర్ అంటారు, మీ దగ్గరున్నది అందులో ఫ్రాక్టూర్ అనే రకం. ముందు పొడుగు ఎస్ సంగతి తేల్చుకోండి, సగం చిక్కు అక్కడే ఉంది. మాట మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ నిటారుగా నిలబడి, పైన వంగి, అచ్చం ఎఫ్‌లా ఉంటుంది. స్కాన్‌ని బాగా పెద్దది చేసి నిలువు గీత మధ్యలో చూడండి. అడ్డగీత కుడివైపుకి దాటితే ఎఫ్. ఎడమపక్క చిన్న ముల్లు మాత్రమే ఉంటే, లేదా అదీ లేకపోతే ఎస్. మన ప, వ లకి పైన కలిసిందా లేదా అన్నదే తేడా అయినట్టు ఇక్కడా అంతే. ఇది తప్పితే ‘అతని’ అనే అర్థమున్న జైన్ (sein) కాస్తా ‘సున్నితమైన’ అనే ఫైన్ (fein) అయిపోతుంది. మాట చివర మాత్రం పొట్టి ఎస్ వస్తుంది.

పెద్ద ఐ, పెద్ద జే రెండింటికీ ఒకటే అచ్చు. కేని చూసి టీ అనుకుంటాం. ఏ, ఓ, యూల మీద చుక్కల బదులు బుల్లి ఈ కనిపిస్తుంది. పంక్తి చివర రెండు వాలు గీతలుంటే అది హైఫన్.

ఇంకొకరి ప్రశ్న: ఇటలీ ఎప్పుడో వదిలేసిన ఈ అక్షరాల్ని జర్మన్లు ఎందుకు పట్టుకుని కూర్చున్నారు? ఇవి నాజీల అక్షరాలు కావా?

జవాబు: కావు. 1455 ప్రాంతంలో మైంజ్‌లో గుటెన్‌బర్గ్ పేజీకి 42 పంక్తుల బైబిలు వేసినప్పుడు అప్పటి లేఖకుల టెక్స్టూరా చేతిరాతనే అచ్చు అక్షరాలుగా పోతపోశాడు. ఇటలీ పండితులకి గుండ్రటి రాత ఇష్టం. దాన్ని 1470లో వెనిస్‌లో నికొలా జెన్సన్ చక్కటి రోమన్ అచ్చుగా మలిచాడు. జర్మనీలో మత సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి అనువదించిన 1522 నాటి కొత్త నిబంధన కూడా ష్వాబాహర్ అనే బ్లాక్‌లెటర్‌లోనే వచ్చింది. జర్మన్‌కి ఈ అక్షరాలు, లాటిన్‌కి రోమన్ అక్షరాలు అని పంపకం స్థిరపడిపోయింది. అందుకే ఆ కాలపు పుస్తకాల్లో లాటిన్ మాటలు సాధారణంగా మామూలు అక్షరాల్లో ఉంటాయి. పేజీ తెరవగానే ముందు వాటిని పట్టుకోండి, విషయం ఏమిటో అందుతుంది.

నాజీలు మొదట వీటిని వాడుకున్నారు, నిజమే. కానీ 1941 జనవరి 3న నాజీ నాయకుడు మార్టిన్ బోర్మన్ సంతకంతో వచ్చిన ఉత్తర్వు ఇవి యూదుల అక్షరాలని పచ్చి అబద్ధం చెప్పి ఆపించేసింది. తాతల పుస్తకాలు మనవళ్లకి కొరుకుడుపడకుండా పోయాయి. నాకు చాలా బాధ కలిగించే విషయమిది.

ఓసీఆర్‌కి టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే మామూలు జర్మన్ తీసేసి ఫ్రాక్టూర్ మోడల్ పెట్టండి. అప్పుడు కూడా ఎస్, ఎఫ్‌లని ఓసారి కంటితో సరిచూసుకోవాలి. ఏ పంక్తి అయినా ఆగిపోతే స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.