ఇంట్లోనే ఏడాది పొడవునా కూరగాయలు: ఒడిశా, మహారాష్ట్రల్లోని మన సరిహద్దు ఊళ్ళలో కుదిరే పనేనా?

పర్లాకిమిడి అద్దెయిల్లు:
మాది కింది వాటా. డాబా ఓనరు వాళ్ళది, కుండీ పెట్టనివ్వరు. వానాకాలంలో బజారుకొచ్చే పాలకూర సగం కుళ్ళి ఉంటుంది, మే నెలలో కొత్తిమీర రేటు వింటే కొనబుద్ధి కాదు. గ్రీన్‌హౌస్ కట్టే జాగా లేదు, స్థోమతా లేదు. ఇంట్లోనే లైట్లు పెట్టి ఏడాదంతా పండించుకోవచ్చని, వంకాయ, టమాటా కూడా కాస్తాయని వీడియోల్లో చెబుతున్నారు. మన వైపు ఇది నిజంగా అయ్యే పనేనా, డబ్బు దండగా?

సిరొంచ రైతు:
దండగే తమ్ముడూ. చలి దేశాలవాళ్ళు ఇంట్లో పెంచుతున్నారంటే బయట మంచు పడుతుంది కాబట్టి. మనకు ఎండ ఎప్పుడు తక్కువైంది? మా ప్రాణహిత ఒడ్డున మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. దానికి కావాల్సింది నీడ, లైటు కాదు. సగం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టి రెండు పూటలా తడిపితే తోటకూర, గోంగూర ఎండాకాలంలోనూ వస్తాయి. ఇంట్లో బీరకు, కాకరకు తేనెటీగ ఎక్కడినుంచి వస్తుంది? పేనుబంక పడితే తినడానికి అక్షింతల పురుగు రాదు, కడగడానికి వాన రాదు. ఊరికే వచ్చే ఎండను మీటరు తిప్పి కొనుక్కోవడం నాకు నచ్చదు.

బరంపురం మేడ:
కాయకూరల గురించి అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. వంగ, బెండ, టమాటాకు కావాల్సినంత వెలుగు ఇంట్లో ఇవ్వాలంటే బిల్లు కట్టలేం. ఆకుకూరలకు మాత్రం ఆ మాట ఒప్పుకోను.

మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ట్యూబ్‌లైటు వేసిన గది మనకు పట్టపగల్లా కనిపించినా అక్కడ కొన్ని వందల లక్స్ మించి ఉండదు. అందుకే కిటికీ పక్కన చల్లిన మెంతులు మొలిచిన మూడోనాటికి దారంలా సాగి, వెలుగు వైపు వంగి పడిపోతాయి. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, మొదలు కుళ్ళుతుంది. ఆకుకూరకు పదివేల లక్స్ దరిదాపుల్లో రోజుకు పద్నాలుగు గంటలైనా వెలుగు పడాలి. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న షెల్ఫు అరకు రెండు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు, మొక్కకు అడుగు లోపు ఎత్తులో కడితే దాదాపు సరిపోతుంది. మొక్కలకని అమ్మే గులాబీ రంగు లైట్లు కొననక్కర్లేదు. కరెంటు లెక్క: 40 వాట్లు, 14 గంటలు, అంటే రోజుకు 0.56 యూనిట్లు, నెలకు 17 యూనిట్లలోపే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. లైటు వెలుగిస్తుంది గానీ గదిని చల్లబరచదు. మేలో కొత్తిమీర ఇంట్లో కూడా సరిగ్గా మొలవదు. అప్పుడు తోటకూర వేసుకోండి, కొత్తిమీర కార్తీకం నుంచి మాఘం దాకా చూసుకోండి. వానాకాలంలో నారుకుళ్ళు రాకుండా చిన్న ఫ్యాను నెమ్మదిగా తిప్పండి, నీళ్ళు పైనుంచి చల్లకుండా ట్రేలో పోయండి.

సిరొంచ రైతు:
లెక్క బాగుంది. మరి తుఫానుకు కరెంటు పోతే? 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా ఎంత అల్లాడిందో మర్చిపోయారా?

బరంపురం మేడ:
పెరిగిన తోటకూర ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది, నారు ఓర్చుకోదు. అలాంటి వార్త వింటే ఉన్నది కోసి వండేసుకోవడమే.

గుణుపురం అక్క:
చీకటి గదిని చీకటిగానే వాడుకోండి అంటాను నేను. మన ఒడిశాలో వరిగడ్డికి కొదవ లేదు, పుట్టగొడుగులకు గిరాకీ ఉంది. ఎండాకాలం, వానాకాలం వరిగడ్డి పుట్టగొడుగు వేస్తారు. ఒడియావాళ్ళు పాళ ఛతు అంటారు చూడండి, అదే. దానికి 30 నుంచి 35 డిగ్రీల వేడి ఇష్టం, రెండు వారాల్లో కోతకొస్తుంది. చలికాలం రాగానే ముత్యపుచిప్ప (ఆయిస్టర్) రకానికి మారితే ఏడాదంతా ఏదో ఒకటి ఇంట్లో ఉంటుంది. గడ్డి కొత్తది, బూజు పట్టనిది కావాలి. ముత్యపుచిప్పకైతే దాన్ని నానబెట్టి వేడినీళ్ళలో శుద్ధి చేసి, పిండితే చుక్క కారనంత తడి ఉంచి, సంచిలో పొరకో వరుస విత్తనం వేసి కట్టాలి. విత్తనం సంగతి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

పాళ ఛతును మాత్రం ఫ్రిజ్‌లో దాచొద్దు, నీరు కారి పాడవుతుంది. కోసిన రోజే వండాలి.

పర్లాకిమిడి అద్దెయిల్లు:
అక్కా, మాకున్నవి రెండే గదులు. పడుకునే గదిలో సంచులు వేలాడదీయొచ్చా?

గుణుపురం అక్క:
వద్దమ్మా. ముత్యపుచిప్ప గొడుగు బాగా విచ్చుకుంటే కంటికి కనపడని పొడి రాలుతుంది, దగ్గు పట్టుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే అసలే పెట్టొద్దు. వెనక వరండాలో గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండండి, అంచులు పైకి తిరగకముందే కోసేయండి.

సిరొంచ రైతు:
పుట్టగొడుగుకు నేను అడ్డు చెప్పను. అరలో తోటకూరంటే మాత్రం, ముందు ఓనరుని ఇంకోసారి అడగండి. డాబా మీద తేమ దిగుతుందనే వాళ్ళ భయం. కుండీల బదులు ఇటుకల మీద ట్రేలు ఎత్తి పెట్టి, కింద చుక్క పడదని చూపిస్తే ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే నెట్ చాలు.

పర్లాకిమిడి అద్దెయిల్లు:
అడుగుతాను అన్నా. ఒప్పుకోకపోతే ట్యూబులు కొంటాను. వంకాయ ఆశ వదిలేశాను.