జెడ్-ట్యూబులో నీరు మూడు బార్లకే తెగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: జెడ్ ఆకారంలో వంచిన గాజు కేశనాళికను (సన్నని గొట్టాన్ని) రోటర్‌కి బిగించి గిర్రున తిప్పుతూ నీటి తన్యబలం, అంటే ఎంత లాగితే నీరు తెగుతుందో, కొలుస్తున్నాం. ఇరుసు నుంచి వంపు దాకా 5 సెం.మీ. డిస్టిల్డ్ వాటరే. ఒకసారి 3,000 ఆర్‌పీఎం దగ్గర, ఇంకోసారి 5,000 దగ్గర తెగుతోంది. ½ρω²r² (ρ సాంద్రత, ω కోణీయ వేగం, r ఇరుసు నుంచి దూరం) ప్రకారం 1.2, 3.4 బార్. అమెరికా భౌతిక శాస్త్రవేత్త బ్రిగ్స్ 1950లో ఇదే పద్ధతిలో 10 డిగ్రీల దగ్గర 277 బార్ సాధించాడు కదా?

జవాబు 1: ముందు లెక్క సరిచేయండి. r అంటే వంపు దాకా కాదు, వెనక్కి తిరిగిన కొసల్లో నీటిమట్టం దాకా. అది 4.5 సెం.మీ. అయితే విలువ 19 శాతం పడిపోతుంది. అందులోంచి వాతావరణ పీడనం 1 బార్ తీసేయాలి. అప్పుడు 3,000 దగ్గర మిగిలేది దాదాపు సున్నా! అక్కడ నీరు సాగనే లేదు, కరిగిన గాలి బుడగ కట్టిందంతే. 5,000 దగ్గర 1.8 బార్.

నీటిని 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, అరగంట మరిగించి, వేడిగా ఉండగానే నింపండి. గొట్టాన్ని సజల నత్రికామ్లంతో కడిగాక ఆరనివ్వొద్దు. ఆరితే గాజు గీతల్లో గాలి మళ్లీ చేరుతుంది, తెగడం మొదలయ్యేది అక్కడే. ఎంత శుభ్రం చేసినా 10,000 ఆర్‌పీఎం రోటర్‌తో 10 బార్ దాటలేరు. 277 కావాలంటే దాదాపు 50,000 కావాలి.

జవాబు 2: రోటర్ పరిమితి అదే అయితే బెర్తెలో గొట్టం మేలండీ, అందులో తిప్పకుండా చల్లార్చడంతోనే నీటిని సాగదీస్తారు. మందపాటి కేశనాళికలో గాలి తీసిన నీరు నింపి, చిన్న ఆవిరి బుడగ మిగిల్చి సీల్ చేయండి. నీటితొట్టెలో మెల్లగా వేడిచేస్తే బుడగ మాయమవుతుంది. చల్లారుస్తుంటే టిక్కుమని మళ్లీ పుడుతుంది. 40 డిగ్రీల దగ్గర మాయమై 32 దగ్గర పుడితే, నీటి సాంద్రతల తేడా 0.28 శాతం. గాజు సంకోచాన్ని, సాగిన నీరు గాజు గోడని లోపలికి లాగడాన్ని తీసేస్తే సుమారు 55 బార్. బుడగ పోయాక మరో ఒకటి రెండు డిగ్రీలు చాలు. ఆపైన డిగ్రీకి ఏడెనిమిది బార్ల చొప్పున పీడనం పెరిగి గొట్టం పేలుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

జవాబు 3: ఒక్క అంకె రాసి ఊరుకోవద్దు. పై రెండు పద్ధతులూ కొలిచేది గొట్టంలోని అతి బలహీనమైన చోటుని. గాజు గోడ అడ్డు లేని క్వార్ట్జ్ స్ఫటికాల సూక్ష్మ గుల్లల్లో 1991లో నీరు సుమారు 1,400 బార్ దాకా తట్టుకుంది. అదే గొట్టంతో కనీసం ముప్పైసార్లు చేసి, మధ్యగత విలువతో పాటు వేగం పెంచిన రేటు, ఉష్ణోగ్రత రాయండి. బ్రిగ్స్ కొలతల్లోనే సున్నా డిగ్రీలకి దగ్గరపడ్డాక బలం బాగా పడిపోయింది, కాబట్టి ఏసీ గది ఉష్ణోగ్రత మీద ఆధారపడకండి.