క్లాక్ 400 కిలోహెర్ట్జ్‌కి పెంచితే ఐ2సి (రెండు వైర్ల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి)లో నాక్ (అవతలి చిప్ నుంచి ‘అందింది’ అన్న జవాబు రాకపోవడం) వస్తోంది, పుల్‌అప్ (లైన్‌ని సప్లై వైపు పైకి లాగే రెసిస్టర్) ఎంత పెట్టాలి?

ప్రశ్న:
ఈఎస్‌పీ32 (మైక్రోకంట్రోలర్ బోర్డు) నుంచి మీటరు రిబ్బన్ కేబుల్ మీద రెండు బీఎంఈ280 (ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచే సెన్సర్) మాడ్యూళ్లు, సప్లై 3.3 వోల్టులు. ఒక్కో మాడ్యూల్ మీద 10 కిలోఓమ్ పుల్‌అప్‌లున్నాయి. 100 కిలోహెర్ట్జ్‌లో రీడింగులు సరిగ్గా వస్తున్నాయి, 400లో నాక్. స్కోప్‌లో లైన్ కిందికి టక్కున పడుతోంది, పైకి మాత్రం మెల్లగా ఎక్కుతోంది. 100లో కొలిస్తే 30 శాతం నుంచి 70 శాతానికి 850 నానోసెకన్లు పట్టింది. ఇంటర్నల్ పుల్‌అప్ ఆన్ చేస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. అది దాదాపు 45 కిలోఓమ్, దానివల్ల పెద్దగా తేడా ఉండదు. కిందికి లాగేది చిప్‌లోని ట్రాన్సిస్టర్, పైకి లేపేది రెసిస్టర్ ఒక్కటే. అందుకే ఒక్క పక్కే ఎడ్జ్ వంగింది.

రెండు 10కె సమాంతరంగా 5 కిలోఓమ్. రైజ్ టైమ్ (మీరు కొలిచిన 30 నుంచి 70 శాతానికి ఎక్కే సమయం) = 0.8473 × ఆర్ (రెసిస్టెన్స్) × సి (కెపాసిటెన్స్) కాబట్టి మీ లైన్ కెపాసిటెన్స్ సుమారు 200 పికోఫారడ్లు. 100 కిలోహెర్ట్జ్‌లో పరిమితి 1000 నానోసెకన్లు, అందుకే గట్టెక్కింది. 400లో పరిమితి 300. అంటే మొత్తం రెసిస్టెన్స్ 1.77 కిలోఓమ్‌కి మించకూడదు. మరీ తగ్గించినా ప్రమాదమే: 3 మిల్లీఆంప్స్ దగ్గర లో లెవెల్ 0.4 వోల్టుల్లోపు ఉండాలంటే (3.3 − 0.4) ÷ 3 లెక్కన 970 ఓమ్‌ల కంటే దిగకూడదు.

ఎస్‌డీఏ (డేటా లైన్), ఎస్‌సీఎల్ (క్లాక్ లైన్) రెండిటికీ ఒక్కో 2.2కె అదనంగా పెట్టండి. మొత్తం 1.53 కిలోఓమ్ అవుతుంది, రైజ్ టైమ్ 260 దగ్గరికి వస్తుంది.

జవాబు 2:
ఆ 850 కొలిచిన స్కోప్ ప్రోబ్ 1ఎక్స్‌లో (సిగ్నల్‌ని తగ్గించకుండా పంపే సెట్టింగ్; 10ఎక్స్ పదో వంతుకు తగ్గిస్తుంది) ఉందేమో చూడండి. 1ఎక్స్‌లో ప్రోబే 100 పికోఫారడ్ల దాకా కలుపుతుంది, లెక్కంతా తప్పుతుంది. 10ఎక్స్‌లో మళ్లీ కొలిచాకే రెసిస్టర్ విలువ ఖాయం చేయండి.

రిబ్బన్‌లో ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ పక్కపక్కనే ఉంటే ఒకదాని ఎడ్జ్ ఇంకోదాని మీద గ్లిచ్‌గా (క్షణికమైన తప్పుడు పల్సుగా) కనిపిస్తుంది. ఎన్‌ఎక్స్‌పీ (చిప్ కంపెనీ) ఐ2సి స్పెసిఫికేషన్ చెప్పిన వరుస ఎస్‌డీఏ, వీడీడీ (సప్లై), గ్రౌండ్, ఎస్‌సీఎల్. ఈ పని రెసిస్టర్ కంటే ముందే చేయదగ్గది.

ప్రశ్న అడిగినవారు:
10ఎక్స్‌లోనే కొలిచానండీ. 2.2కె పెట్టి, వైర్ల వరుస మార్చాక 400లో నాక్ పోయింది. కానీ రీడ్ మధ్యలో బోర్డు రీసెట్ అయితే ఎస్‌డీఏ లోలోనే ఉండిపోతోంది.

జవాబు 1:
అది వేరే సమస్య. సెన్సర్ సున్నా బిట్ పంపుతుండగా క్లాక్ ఆగిపోయింది, మిగతా క్లాక్‌ల కోసం అది ఎదురుచూస్తోంది. బూట్ అవగానే ఐ2సి డ్రైవర్ మొదలుపెట్టక ముందు ఎస్‌సీఎల్‌ని ఓపెన్ డ్రెయిన్ (కిందికి మాత్రమే లాగే) జీపీఐఓగా (ప్రోగ్రామ్ నేరుగా నడిపే మామూలు పిన్‌గా) పెట్టి, ఎస్‌డీఏ హైకి వచ్చేదాకా గరిష్ఠంగా 9 పల్సులు ఇవ్వండి, తర్వాత ఒక స్టాప్ (సంభాషణ ముగిసిందని చెప్పే ఐ2సి సిగ్నల్). అప్పటికీ వదలకపోతే సెన్సర్ సప్లైని ఆపి మళ్లీ ఇవ్వాలి. అలా ఆపినప్పుడు పుల్‌అప్‌ల సప్లై కూడా ఆగాలి, లేకపోతే ఐ2సి పిన్ల గుండా చిప్‌కి కరెంటు వెళుతూనే ఉంటుంది.