అసౌష్ఠవం అంటే సరిపోతుందా? (అతివాహకాల మీద ఒక మాట)

ప్రశ్న: అందరికీ నమస్కారం. స్ఫటికంలో కేంద్ర బిందువుకి అటూ ఇటూ పోలిక లేని సూపర్‌కండక్టర్ల (బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే పదార్థాలు, తెలుగులో అతివాహకాలు) మీద తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నాను. వాటిని "అసౌష్ఠవ అతివాహకాలు" అని రాశాను, మా సార్ తప్పు అన్నారు, ఎందుకో చెప్పలేదు. ఎవరైనా చెప్తారా?

జవాబు: అమ్మా, మీ సార్ అన్నది నిజమే, కాస్త పొడుగ్గా చెప్తాను ఓపిగ్గా చదవండి.

ముందు సౌష్ఠవం అనే మాట చూద్దాం. దీని మూలం సంస్కృతంలో సుష్ఠు, అంటే బాగా, చక్కగా అని. పెళ్లిలో "సుష్టుగా భోంచేశాం" అంటాం చూడండి, ఆ సుష్టుగా కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. శరీర సౌష్ఠవం అన్నప్పుడు చక్కటి ఒడ్డూ పొడుగూ అనే అర్థం. లెక్కల పుస్తకాల్లోకి వచ్చేసరికి సౌష్ఠవ మాత్రిక అని, అటూ ఇటూ ఒకేలా ఉండటం అనే అర్థంలో స్థిరపడిపోయింది, బాగానే ఉంది. కానీ అసౌష్ఠవం అంటే ఏ పోలికా లేకుండా వంకరటింకరగా ఉంది అనే వినపడుతుంది, చిక్కు అక్కడే.

మీ వ్యాసంలో మొదట వచ్చేది సీరియం ఒకటి, ప్లాటినం మూడు, సిలికాన్ ఒకటి కలిసిన పదార్థమే అయ్యుండాలి, 2004లో వియన్నాలో ఎర్నస్ట్ బవర్ బృందం ప్రకటించింది, 0.75 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుంది, అంటే మైనస్ 272.4 డిగ్రీల సెల్సియస్. దాని స్ఫటికాన్ని ఒక మట్టికుండ అనుకోండి. కుండని నిలువుగా ఎటు కోసినా రెండు సగాలూ అద్దంలో చూసినట్టే ఉంటాయి, చుట్టూ తిప్పినా అదే రూపం, ఎంత సౌష్ఠవం ఉందో చూడండి. కానీ పైన మూతి ఉంది, కింద అడుగు ఉంది, కుండ మధ్యలో ఒక చుక్క పెట్టి మూతి అంచు నుంచి ఆ చుక్క గుండా గీత లాగి అంతే దూరం అవతలికి వెళ్తే ఇంకో మూతి అంచు దొరకదు. ఆ స్ఫటికంలోనూ అంతే, నిలువు అద్దాలు ఉన్నాయి, నాలుగు వైపుల తిప్పుడూ ఉంది, పైకీ కిందకీ మాత్రం పొంతన లేదు. అలాంటిదాన్ని పట్టుకుని అసౌష్ఠవం అంటే ఉన్నదాన్ని కూడా లేదన్నట్టే.

కేంద్రానికి అటూ ఇటూ పోలిక ఉంటే ఎలా ఉంటుందో మన వికటకవి అనే మాటలో చూడొచ్చు. ట మీద వేలు పెట్టండి, అటు ఒక క ఇటు ఒక క, అటు చివర వి ఇటు చివర వి, ట అనేది కేంద్రం. అదే కవిత అని రాస్తే ఎక్కడ వేలు పెట్టినా జోడీ కుదరదు.

అందుకని నా ఓటు "కేంద్ర సౌష్ఠవం లేని అతివాహకాలు" అనే దానికి, నాలుగు మాటలైనా పర్లేదు. కొందరు అకేంద్రక అని కుదించి రాస్తున్నారు, అది వద్దు, కేంద్రకం అంటే పరమాణువు లోపలిది, చదివేవాళ్లు వేరే చోటికి వెళ్లిపోతారు. ఇంగ్లీషులో ఇన్వర్షన్ సిమెట్రీ అనే ఈ పోలికకి విలోమ సౌష్ఠవం అనడం కూడా నాకు నచ్చదు, విలోమ మాత్రిక, విలోమ ప్రమేయం అని ఆ మాట ఇప్పటికే వేరే పనిలో ఉంది.

మామూలు పద్ధతిలో నడవని అతివాహకాల్ని ఇంగ్లీషులో అన్‌కన్వెన్షనల్ అంటారు, మీ వ్యాసంలో ఆ మాట వస్తే అసంప్రదాయ అనకండి, సంప్రదాయేతర అనండి. సంప్రదాయేతర ఇంధన వనరులు అని పేపర్లలో ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాం, చెవికి అలవాటైన మాట.

ఇంకొకరి మాట: కుండ పోలిక బాగుందండీ కానీ అన్నిటికీ కుదరదు. లిథియం, పల్లాడియం, బోరాన్ కలిసిన అతివాహకం ఒకటుంది, అందులో అద్దాలు కూడా లేవు కదా?

జవాబు: నిజమే సార్, మంచి మాట పట్టుకున్నారు. అది కుండ కాదు, శంఖం. దక్షిణావర్త శంఖాన్ని ఎలా తిప్పినా వామావర్తం కాదు, అలాంటి మెలిక ఉన్న స్ఫటికం అది. అయినా శంఖానికి మెలిక అనే క్రమం ఉంది కాబట్టి దాన్నీ అసౌష్ఠవం అనలేం, కేంద్ర సౌష్ఠవం లేదు అంటే రెండిటికీ సరిపోతుంది.

ఆ పదార్థంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమనిపించే విషయం ఇంకోటుంది. పల్లాడియం ఉన్నది సుమారు 7 కెల్విన్ దగ్గర అతివాహకమై మామూలు వాటిలాగే నడుచుకుంటుంది. అదే అచ్చులో పల్లాడియం తీసి ప్లాటినం పెడితే 2.7 కెల్విన్‌కి దిగిపోయి ప్రవర్తనే మారిపోతుంది, అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి, ఆ జంటల్ని విడగొట్టడానికి కావాల్సిన శక్తి కొన్ని దిక్కుల్లో సున్నా అయిపోతుంది. ప్లాటినం బరువైన పరమాణువు కాబట్టి ఎలక్ట్రాన్ స్పిన్‌కీ (దానికి పుట్టుకతో ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం) అది వెళ్లే దిక్కుకీ ముడి గట్టిగా పడుతుంది, ఆ ముడే కారణం.

ఇక్కడ మన సరి, బేసి భలే పనికొస్తాయి. కేంద్రానికి అటూ ఇటూ మార్చి చూస్తే జంట రూపం గుర్తు మారకపోతే సరి జాతి, ప్లస్ మైనస్ అయిపోతే బేసి జాతి. కేంద్ర సౌష్ఠవం ఉంటే ఎలక్ట్రాన్ జంట సరి జాతిదైనా అవ్వాలి, బేసి జాతిదైనా అవ్వాలి, రెండూ కలవవు. కేంద్రం పోయాక ఆ కట్టుబాటు ఉండదు, సరీ బేసీ ఒకే జంటలో కలిసిపోతాయి, గోర్కోవ్, రష్బా అనే భౌతిక శాస్త్రవేత్తలు 2001లోనే లెక్కగట్టి చెప్పారు. సీరియం పదార్థం విషయంలో కూడా, మామూలు జంటలైతే సుమారు ఒకటిన్నర టెస్లా అయస్కాంత క్షేత్రానికే విడిపోవాలి, అది దాదాపు 5 టెస్లాల దాకా తట్టుకుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయి: చాలా థాంక్స్ అండీ. మరి ఆ సరీ బేసీ కలిసిపోయిన జంటని (ఇంగ్లీషులో మిక్స్‌డ్ పారిటీ) "మిశ్రమ సమత" అని రాశాను, ఉంచనా?

జవాబు: సమత అంటే సమానత్వం అనుకుంటారమ్మా. "సరిబేసి కలిసిన జంట" అని రాయండి. స్పిన్‌ని మాత్రం స్పిన్ అనే ఉంచండి, భ్రమణం అంటే బొంగరంలా నిజంగా తిరుగుతోంది అనుకుంటారు.