టెంప్ గన్ అంకెను నమ్మాలా, పొగనూ శబ్దాన్నీ నమ్మాలా?

నీలిపొగ:
నాది 1/8 సైజు రిమోట్ కంట్రోల్ బగ్గీ, 0.21 క్యూబిక్ అంగుళాల (3.5 సీసీ) ఇంజన్, ఫ్యూయల్‌లో 25 శాతం నైట్రో (నైట్రోమీథేన్). బ్రేక్-ఇన్ (కొత్త ఇంజన్‌ని మెల్లగా తిప్పి అలవాటు చేయడం) ఎప్పుడో అయిపోయింది. హెడ్ టెంపరేచర్ 105 నుంచి 125 డిగ్రీల మధ్య ఉండాలని మాన్యువల్‌లో ఉంది. నిన్న టెంప్ గన్‌తో (దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్) చూస్తే 92. రిచ్‌గా (గాలికి ఫ్యూయల్ ఎక్కువగా) ఉందనుకుని, ఫుల్ థ్రాటిల్‌లో ఫ్యూయల్‌ని నియంత్రించే హై స్పీడ్ నీడిల్ స్క్రూను కొంచెం కొంచెంగా మొత్తం పావు చుట్టు బిగించాను. 118 చూపించింది, సంబరపడ్డాను. రెండో రౌండ్‌లో స్ట్రెయిట్ చివర బండి నీరసపడి ఆగిపోయింది. గ్లో ప్లగ్ తీస్తే దాని తీగ మెలికలు తిరిగి, బూడిద రంగులో ఉంది. బిగించకముందు పొగ సన్నగా బాగానే వచ్చేది, లాగుడు కూడా ఉండేది. గన్ వాడకుండా ట్యూన్ చేసేవాళ్లదే కరెక్టా?

పాతచెవి:
కరెక్టే. గన్ వేడిని చెబుతుంది, గాలి-ఫ్యూయల్ మిక్స్చర్‌ని చెప్పదు. గాలి చల్లగా ఉన్నా, గేరింగ్ మారినా, బాడీలో గాలి వెళ్లే దారి పెద్దది చేసినా అదే నీడిల్ సెట్టింగ్‌కి వేరే అంకె వస్తుంది. చలిగా ఉన్న పొద్దున 92 చూసి బిగించేవాళ్లని చాలామందిని చూశాను. చల్లగాలి చిక్కగా ఉంటుంది, దానికి ఫ్యూయల్ ఇంకాస్త ఎక్కువ కావాలి. అంటే వదులు చెయ్యాల్సిన రోజునే మీరు బిగిస్తున్నారు.

నా పద్ధతి ఇది. బండి బాగా వేడెక్కాక ఫుల్ థ్రాటిల్‌లో సన్నటి పొగ గీత కనబడాలి. శబ్దం పైకి ఎక్కుతూ పోవాలి, మధ్యలో గొంతు పూడినట్టు కాకూడదు. నీడిల్ ఒకసారికి గడియారంలో ఒక గంట జరిగినంత, అంతే. పావు చుట్టు అనేది ట్యూనింగ్ కాదండీ, అది ఇల్లు మారడం.

కొలతలమనిషి:
పొగ కూడా మోసం చేస్తుంది అన్నా. నూనె 8 శాతం ఉన్న ఫ్యూయల్‌కీ 16 శాతం ఉన్నదానికీ పొగ ఒకేలా ఉంటుందా? సాయంత్రం వెలుతురులో మీకు కనబడే పొగ మధ్యాహ్నం కనబడుతుందా?

నీలిపొగ గారూ, గన్ ఎక్కడికి గురిపెట్టారు? హెడ్ పాలిష్ చేసిన మెరుపు రకమా?

నీలిపొగ:
మెరుపు రకమే. పక్క నుంచి ఫిన్స్ (హెడ్‌ని చల్లార్చే రేకులు) మీదకి పెట్టాను.

కొలతలమనిషి:
అదే అనుకున్నా. మెరిసే అల్యూమినియం నుంచి ఇన్‌ఫ్రారెడ్ తక్కువగా వస్తుంది, గన్ అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. పైగా గాలి తగిలే ఫిన్స్ ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. పైనుంచి, దగ్గరగా, ప్లగ్ మొదలు దగ్గరికి గురి పెట్టాలి. మీ 92 అసలు 92 కాకపోవచ్చు. తప్పు గన్‌ది కాదు, కొలిచిన చోటుది.

ఇంకో మాట. "వేడితో పనిలేదు" అని కొత్తవాళ్లకి చెప్పకండి. ఇవి ఏబీసీ ఇంజన్లు. పిస్టన్ అల్యూమినియం, స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) క్రోమ్ పూత వేసిన ఇత్తడి. చల్లగా ఉన్నప్పుడు స్లీవ్ పైభాగం కావాలనే బిగుతుగా ఉంటుంది. వేడెక్కాక ఇత్తడి పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచించి సరైన సందు వస్తుంది. ఎప్పుడూ 80 దగ్గర రిచ్‌గా తిప్పితే ఆ బిగువు అరిగిపోతుంది, తర్వాత వేడి మీద స్టార్ట్ కాదు. సేఫ్‌గా రిచ్ అనుకుంటూ ఇంజన్‌ని అరగదీసుకునేవాళ్లు ఉన్నారు.

పాతచెవి:
వేడితో పనిలేదని నేనెప్పుడన్నాను? వేడిని చూసి నీడిల్ తిప్పొద్దన్నాను. రెండూ ఒకటి కాదు.

బేరింగ్:
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, నీలిపొగ గారిని ఒకటి అడగాలి. ట్యాంకు సగమయ్యాక థ్రాటిల్ వదిలితే ఐడిల్ వెంటనే దిగుతుందా, కాసేపు పైనే వేలాడి దిగుతుందా?

నీలిపొగ:
వేలాడుతుంది. ఐడిల్ స్క్రూ తగ్గించి సరిపెట్టుకుంటున్నాను.

బేరింగ్:
అయితే ముందు ఎయిర్ లీక్ చూడండి. కార్బ్ (కార్బ్యురేటర్) కింద ఓ-రింగ్, బ్యాక్ ప్లేట్, ముందు బేరింగ్, సైలెన్సర్ నుంచి ట్యాంకుకి వెళ్లే ప్రెజర్ ట్యూబు, ట్యాంకు మూత రబ్బరు. ట్యాంకులో ప్రెజర్ నిలవకపోతే ఫ్యూయల్ మట్టం దిగేకొద్దీ ఇంజన్ లీన్ (గాలికి ఫ్యూయల్ తక్కువ) అవుతూ పోతుంది. ఫుల్ ట్యాంకుతో చేసిన ట్యూనింగ్ సగం ట్యాంకుకి పనికిరాదు. ఐడిల్‌లో ఉండగా అనుమానం ఉన్న జాయింట్ మీద కొంచెం ఆఫ్టర్ రన్ ఆయిల్ (నడిపాక ఇంజన్‌కి తుప్పు పట్టకుండా వేసే నూనె) వెయ్యండి. శబ్దం మారితే దొంగ అక్కడే ఉన్నాడు.

లీక్ ఉన్న ఇంజన్ మీద గన్ వాదన, పొగ వాదన రెండూ దండగ.

తరవాత లో స్పీడ్ నీడిల్ (ఐడిల్ దగ్గర ఫ్యూయల్‌ని నియంత్రించే స్క్రూ). వేడి మీద, ఐడిల్‌లో, కార్బ్ దగ్గర ఫ్యూయల్ ట్యూబు నొక్కి పట్టుకోండి. వేగం కొద్దిగా పెరిగి రెండు మూడు సెకన్లలో ఆగాలి. నొక్కగానే చచ్చిపోతే లీన్. ఎంతకీ ఆగకుండా వేగం పెరుగుతూ పోతే రిచ్. అయితే ముందు హై స్పీడ్ నీడిల్ సరిచేశాకే ఇది. చాలామంది తలకిందులుగా చేసి రోజంతా రెండు స్క్రూల మధ్య తిరుగుతారు.

కొత్తబండి:
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. లీన్ అయితే ప్లగ్ ఎందుకు పోతుంది? స్పార్క్ లేదు కదా?

పాతచెవి:
స్పార్క్ లేకపోవడమే కారణం. స్టార్ట్ అయ్యాక ఇగ్నైటర్ (తీగని వేడి చేసే బ్యాటరీ) తీసేసినా తీగ ఎర్రగానే ఉంటుంది. మంట వేడి ఒకటి, తీగలోని ప్లాటినం మీద మిథనాల్ జరిపే చర్య ఒకటి, రెండూ కలిసి దాన్ని నిలబెడతాయి. ఎప్పుడు అంటుకోవాలో చెప్పే టైమింగ్ సర్క్యూట్ లేదు. లీన్ అయితే ఇంజన్ వేడెక్కి, పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. ఆ దెబ్బ తీగ మీద పడుతుంది. స్ట్రెయిట్ చివర పేలాలు వేయించినట్టు చిటపట వినిపిస్తే వెంటనే థ్రాటిల్ వదిలెయ్యాలి. ఆ చప్పుడు గన్‌లో కనబడదు.

కొలతలమనిషి:
నైట్రో శాతం పెంచి హెడ్ కింద షిమ్ (పలచని రింగు) మార్చకపోయినా ఇదే జరుగుతుంది. 16 నుంచి 25కి వెళ్లారా?

నీలిపొగ:
లేదు, మొదట్నుంచీ 25.

బేరింగ్ గారు చెప్పినట్టు చూశాను. ప్రెజర్ ట్యూబు బాగానే ఉంది. కార్బ్ కింద ఆయిల్ వెయ్యగానే ఐడిల్ దబ్బున పడిపోయింది. విప్పితే ఓ-రింగ్ ఒకచోట చితికి ఉంది. మార్చాను. కొత్త ప్లగ్ వేసి, బిగించిన పావు చుట్టూ వెనక్కి తిప్పేసి, అక్కడి నుంచి పొగ చూస్తూ ఒక్కోసారి ఒక గంట గుర్తంత బిగించాను. రెండు ట్యాంకులు తిప్పాను, ఐడిల్ వేలాడటం పోయింది. ప్లగ్ తీగ మెరుస్తోంది. హెడ్ 112.

పాతచెవి:
పొగ చూస్తూ. అందరూ చదివారనుకుంటా.

కొలతలమనిషి:
112 అని ఏ పొగ చెప్పిందో కూడా అడగండి.

నీలిపొగ:
గన్నే చెప్పింది, ప్లగ్ మొదలు దగ్గర. ఇప్పుడొక చిక్కు. ముందు బేరింగ్ దగ్గర కూడా కొంచెం నూనె చెమ్మ కనబడుతోంది. బేరింగ్ మార్చాలా, ఇంకో నాలుగు ట్యాంకులు ఆగొచ్చా?

బేరింగ్:
చెమ్మ మామూలే, ఆ బేరింగ్‌కి నూనె అందేదే అలాగ. కారుతోందంటే, లేదా క్రాంక్‌ని వేలితో అటూ ఇటూ ఊపితే ఆడుతోందంటే మార్చండి. ఈలోగా రోజు చివర ట్యాంకు ఖాళీ చేసి ఆఫ్టర్ రన్ ఆయిల్ వేస్తున్నారా? మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, బేరింగులు తుప్పు పట్టేది ఎక్కువగా షెల్ఫ్ మీద ఉన్నప్పుడే.