నీళ్ళలో బర్రె బేరం: పాత హార్వెస్టర్‌ను చూడకుండా ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

బోధన్ రైతు

అందరికీ నమస్తే. మాది నిజాంసాగర్ ఆయకట్టు. మా దిక్కు యాసంగి వరి అందరికన్నా ముందే కోతకొస్తది, మార్చిలనే మిషన్లు దిగుతయి. ఇంట్ల ఏడెకరాలు, ఒక ట్రాక్టర్ ఉన్నయి. ఈసారి టైర్ల హార్వెస్టర్ ఒకటి కొని, మా పొలం కోసుకుంట నాలుగూళ్ళల్ల కిరాయికి తిప్పుదామని తమ్ముడు, నేను అనుకున్నం. కొత్తది మాతోని కాదు.

పాత మిషన్ల సైటుల పాటియాలా దగ్గరి మిషన్ ఒకటి కనబడ్డది. 2019 మోడల్, 14 అడుగుల కట్టర్, లేలాండ్ ఇంజన్. పదకొండున్నర లక్షలు చెప్తుండు. ఫొటోలు ఇరవై దాకా పెట్టిండు, వీడియో కాల్‌ల స్టార్ట్ చేసి చూపెట్టిండు. యాభై వేలు టోకెన్ కొడితే ఆపుతా, లేకుంటే కర్ణాటక పార్టీకి ఇచ్చేస్తా అంటుండు.

మా బాపు ఒకటే మాట: "నీళ్ళల్ల బర్రెను పెట్టి బేరం జేస్తరారా ఎవలన్న?" తమ్ముడేమో, ఇద్దరం పోయి రావాలంటే వారం పడతది, పోయినా ఇంజన్ లోపల మనకేం తెలుస్తది, ఆ ఖర్చు దండుగ అంటుండు. నేను తమ్ముడి దిక్కే మొగ్గుతున్న. కొన్నోళ్ళు, మోసపోయినోళ్ళు, రిపేర్లు చేసేటోళ్ళు మీ మాట చెప్పండి.

తణుకు మెకానిక్

బోధన్ రైతుగారూ, ముందు ఆ యాభై వేలు కొట్టకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను దాళ్వా, సార్వా రెండు కోతల్లోనూ మిషన్ల కింద పడుకునే మనిషినండి. వీడియోలో చూసి కొన్న మిషన్లు మా షెడ్డుకి ఏటా వస్తాయి. దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు, పైన కొత్త రంగు, లోపల పల్చబడ్డ రేకు. తడి వరిగడ్డి తగిలి తగిలి ఎలివేటర్ అడుగు, ట్యాంకు అడుగు, వరి నూర్చే డ్రమ్ము కింద రేకు తినేస్తాయి. దానిమీద పుట్టీ, రంగు కొట్టేస్తే ఫొటోలో కొత్త పెళ్ళికూతురే. చాసిస్‌కి పగులొచ్చి వెల్డింగ్ పెట్టినా రంగు కప్పేస్తుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళితే చప్పుడు మారిన చోట దొరికిపోతుంది. ఆ సుత్తి వీడియో కాల్‌లోంచి పెట్టలేం కదండీ.

ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటర్ మాట నమ్మొద్దు. కేబుల్ పీకేస్తే ఆగిపోయే వస్తువది. స్టార్ట్ చేసి చూపించాడన్నారు, అంతకు పావుగంట ముందు ఇంజన్ వేడి చేసి పెట్టాడేమో మీకెలా తెలుసు? కంప్రెషన్ పడిపోయిన ఇంజన్ కూడా వేడి మీద ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. తెల్లవారుజామున చలిలో అందుకోవాలి, అదీ పరీక్ష. పాటియాలా చలి ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

ఇంకోటుంది, ఇది మీ తమ్ముడి వైపు మాట. అక్కడ వరి కోత అక్టోబరు, నవంబరుల్లో అయిపోతుంది. గోధుమ ఏప్రిల్లో గానీ కోతకి రాదు. అంటే ఇప్పుడు మీరే స్వయంగా వెళ్ళినా మిషన్ షెడ్డులో నిలబడి ఉంటుంది, చేలో కోస్తుండగా చూడలేరు. లోడు పడితేనే నల్లపొగ, హీటు, గేరు జారడం బయటపడతాయి. అందుకే చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కూడా మోసపోతారు. అలాగని వెళ్ళొద్దనను. మీరు కాదు, మీ మెకానిక్ వెళ్ళాలి. డ్రమ్ము మూతలు తీయించి పళ్ళ అరుగుదల చూడాలి. కోత భాగాలన్నీ కలిపి ఫుల్ రేజులో ఓ గంట తిప్పించి, ఆపిన వెంటనే ఒక్కో బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి పెట్టాలి. ఏది చెయ్యి పెట్టనివ్వదో అది పోయినట్టే. ఇంజన్ లోపలి గాలి బయటికొచ్చే గొట్టం, అదే బ్రీదర్, దాని దగ్గర ఆవిరి ఎంత కొడుతోందో చూడాలి. చెయ్యి పెట్టి ఆడిస్తే తెలిసే లూజు ఏ కెమెరాకీ అందదండి.

ఆదోని మహిళా రైతు

తణుకు అన్నా, మిషన్ గురించి మీరు చెప్పింది కాదనలేను. కానీ "ఆన్‌లైన్ వద్దు, పోయి చూడు" అనే మాట అందరికీ ఒకేలా పనిచేయదు. నా సంగతి చెప్తాను.

మా ఆయన పోయినాక పన్నెండెకరాల పత్తి, వేరుశనగ నేనే చూసుకుంటున్నా. ట్రాక్టర్ కోసం ఇక్కడి బ్రోకర్ల దగ్గరికి పోతే ఒక్కరూ నాతో మాట్లాడలేదు. "మగవాళ్ళని పంపమ్మా" అన్నారు. మా తమ్ముణ్ణి పంపితే, ఆడమనిషి కొంటోందని ముందే తెలుసు కాబట్టి, 45 హార్స్‌పవర్ పాత బండికి కొత్తదానితో పోటీ పడే రేటు చెప్పారు. కళ్ళతో చూసి, చేత్తో తాకి మరీ మోసపోయేదాన్ని నేను. ఆన్‌లైన్లో పెట్టిన రేట్లు ముప్పై నలభై చూసినాకే ఏది న్యాయమైన ధరో నాకు తెలిసింది.

కొల్హాపూర్ వైపు బండి కొన్నాను. పోలేదు. పది రోజుల్లో మూడుసార్లు వీడియో అడిగినా. ఒకటి పొద్దున్నే, మొదట సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూపించి, ఆ తర్వాతే స్టార్ట్ చేయమన్నా. రెండోది రోటవేటర్ దించి దున్నుతుండగా. మూడోది చాసిస్ నంబర్ పంచ్ దగ్గర దుమ్ము తుడిచి, ఆర్సీ పక్కనే పెట్టి. బండి నంబర్ ప్రభుత్వ వాహనాల సైటు పరివాహన్‌లో కొట్టి రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా చూసుకున్నా. ఆ పని ఎదురుగా నిలబడి చూసినంత మాత్రాన జరగదు, ఇంట్లో కూర్చునే జరుగుతుంది.

బండి వచ్చినాక క్లచ్ ప్లేట్లు, లిఫ్ట్ సీళ్ళు మార్చినా, 38 వేలైంది. అయినా ఇక్కడి రేటుకన్నా తక్కువలోనే పడింది. చూడకుండా కొనడం తప్పని నాకు ఎవరైనా చెప్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ దారి లేకుంటే ఇప్పటికీ నాకు ట్రాక్టర్ ఉండేది కాదు.

ఖమ్మం కౌలు రైతు

అక్కా, మీకు మంచి జరిగింది, సంతోషం. నాకు జరిగింది కూడా వినండి.

రెండేళ్ళ కింద ఒక ట్రాక్టర్ చాలా తక్కువకు కనపడ్డది. అమ్మేటాయన ఆర్మీలో పనిచేస్తున్నా, బదిలీ అయింది, బండి మా క్యాంపులో ఉన్నది, ఆర్మీ లారీల్నే పంపిస్తా అన్నడు. గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, ఆర్సీ అన్నీ పంపిండు. ముందు గేటు పాస్‌కి ఐదు వేలు, తర్వాత లారీకి పద్నాలుగు, తర్వాత "తిరిగొచ్చే డిపాజిట్" అని ఇరవై మూడు. మొత్తం 42 వేలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. ఆ ఆర్సీ నిజమైనదే. బండి ఓనర్ ఎవరో పాపం, ఆయనకే తెల్వదు. మీరు చెప్పిన పరివాహన్‌లో నేనూ చూసిన, అన్నీ సరిపోయినయి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి మూడు రోజులైపోయింది. డబ్బు నాలుగు ఖాతాలు మారిపోయిందన్నరు. ఎంత తొందరగా చేస్తే అంత ఆపగలుగుతరంట. నా లెక్క మీరు సిగ్గుపడి మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండకండి.

ఆదోని మహిళా రైతు

తమ్ముడూ, నిజంగా బాధగా ఉంది. కాగితం నిజమైనదైతే సరిపోదు, పంపినవాడే ఆ కాగితంలో మనిషా అని చూడాలి. నేను ఆర్సీలో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు మూడూ ఒకటైతేనే డబ్బు వేసినా. వీడియోలో ఆయన్ని బండి పక్కనే నిలబెట్టినా. ఇది మీ తప్పని చెప్పడం లేదు.

గుడివాడ ట్రాక్టర్ యజమాని

అమ్మేవాడి వైపు నుంచి ఒక మాట. ఇప్పటికి మూడు ట్రాక్టర్లు, ఒక మిషన్ ఆన్‌లైన్లో పెట్టి అమ్మాను. రోజుకి ముప్పై ఫోన్లు వస్తాయి, ఇద్దరు కూడా కొనరు. వస్తామని చెప్పి రారు. కాబట్టి టోకెన్ అడిగిన ప్రతివాణ్ణీ దొంగ అనకండి.

కానీ మన ఊళ్ళలో బయానా అనేది బండి చూసి, మాట కుదిరాక ఇచ్చేది. చూడకముందే అడిగేది బయానా కాదు. ఇంకొకటి, బండి మీద నమ్మకం ఉన్నవాడు ఎదుటివాడి మెకానిక్‌ని రావద్దనడు. నేనైతే మెకానిక్ వస్తానంటే సంతోషిస్తాను, తర్వాత గొడవలుండవు.

ధర కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, హార్వెస్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అప్పట్లో 25 లక్షలున్న కొత్త మిషన్ మీద దగ్గర దగ్గర లక్షన్నర తగ్గుతుంది. కొత్తది దిగినప్పుడు పాతదీ దిగాలి. ఆయన చెప్పే పదకొండున్నర ఏ లెక్కన చెబుతున్నాడో అడగండి.

వరంగల్ వకీలు

చట్టం ఏమంటుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే "తర్వాత కేసేద్దాం" అనే ధీమాతో కొనేవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు.

1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి, అది సెక్షన్ 15. ముందు చూడని కొనుగోలుదారుకి సరుకు అందాక పరీక్షించుకునే అవకాశం ఇవ్వాలి, అది సెక్షన్ 41. కాబట్టి చూడకుండా కొన్నవాడికి హక్కులే లేవనడం తప్పు. కానీ "బాగుంది, కండిషన్లో ఉంది" అనేవి వర్ణన కిందికి రావు. "2019 మోడల్, ఇంజన్ విప్పలేదు, చాసిస్‌కి వెల్డింగ్ లేదు" అని వాట్సాప్‌లో రాయించుకుంటే అప్పుడు మీ చేతిలో ఏదో ఉంటుంది. ఆ ఫోన్ దాచుకోండి, చాట్ తుడిచేయకండి. ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసిన బండ్ల వేలంలో మాత్రం "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటే" అన్న షరతు ఉంటుంది. అక్కడ చూడకుండా పాడితే చట్టం కూడా పెద్దగా ఆదుకోదు.

2019 వినియోగదారుల చట్టంతో మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. అయితే అది వ్యాపారి మీద. తన సొంత మిషన్ అమ్ముకునే మామూలు రైతు మీద ఆ దారి కుదరడం కష్టం. అప్పుడు సివిల్ కోర్టే. పాటియాలా మనిషి మీద బోధన్ నుంచి దావా నడపడం ఎంత పనో ఆలోచించండి.

రాష్ట్రం దాటే బండికి ఫారం 28 మీద అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం ఇవ్వాలి. దానితో పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు, లోను ఉండి తీరితే ఫారం 35. ఎన్ఓసీ చేతికి రాకముందు మొత్తం డబ్బు ఇవ్వకండి. అమ్మినవాళ్ళకూ ఒక మాట, పేరు మారేదాకా ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టర్‌లో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

కాలిఫోర్నియా తెలుగువాడు

నేను ఇక్కడ బాదం తోటల్లో యంత్రాల పని చూస్తాను. ఇక్కడ చూడకుండా కొనడం మామూలు విషయం. కొన్ని వేలం సైట్లు సొంత ఇన్‌స్పెక్టర్‌ని పంపి రిపోర్టు రాయిస్తాయి, రిపోర్టులో తప్పుంటే పూచీ వాళ్ళదే. అందుకే ధైర్యంగా పాడతారు. మన దగ్గర కొన్ని సైట్లు "తనిఖీ చేశాం" అని ముద్ర వేస్తాయి. ఆ తనిఖీ తప్పని తేలితే డబ్బు ఎవరు కడతారో రాసి ఉందా? ఆ ఒక్క వాక్యం కోసం వెతకండి. లేకపోతే ఆ ముద్రకి విలువ లేదు.

తణుకు మెకానిక్

ఆదోని అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీరు దున్నుతుండగా వీడియో తీయించారు చూడండి, అది మంచి పరీక్ష. ట్రాక్టర్‌కి ఏ నెలలోనైనా లోడు పెట్టి చూడొచ్చు. ఇంజన్, గేర్‌బాక్స్, లిఫ్ట్, అంతే కదా. హార్వెస్టర్ అలా కాదు. అందులో తిరిగే బెల్టులు, చైన్లు, బేరింగులు ఎన్నో, ఏ ఒక్కటి తెగినా మొత్తం ఆగిపోతుంది. మీకు క్లచ్ పోతే మూడు రోజులు దున్నడం ఆగుతుంది. ఆయనకి మార్చిలో డ్రమ్ము బేరింగ్ పోతే, మాటిచ్చిన నాలుగూళ్ళ రైతులూ వేరే మిషన్ పిలుచుకుంటారు, మళ్ళీ రమ్మంటే రారు. అందుకే ట్రాక్టర్‌కి మీ దారి ఒప్పుకుంటాను, హార్వెస్టర్‌కి ఒప్పుకోను.

ఆదోని మహిళా రైతు

ఆ తేడా న్యాయమే అన్నా. కానీ మెకానిక్‌ని పంపే ఖర్చు భరించలేనివాళ్ళ మాటేంటి? ఆ మనిషి రైలు టికెట్టు, కూలి, తిండి కలిపి చిన్న రైతుకి ఒక కోత లాభం. దానికి మీ దగ్గర జవాబు లేదు.

బోధన్ రైతు

అందరి మాటలు మా బాపుకు, తమ్ముడికి చదివి వినిపించిన. రాత్రి పాటియాలా ఆయనకు ఫోన్ చేసి, మా మెకానిక్ వస్తడు, డ్రమ్ము మూతలు తీసి చూపెట్టాలె, గంట సేపు తిప్పాలె అన్న. మూతలు తీస్తా అన్నడు. టోకెన్ మాత్రం ముందే కావాలన్నడు. మెకానిక్ చూసి ఓకే అన్న రోజే అక్కడికక్కడే బయానా ఇప్పిస్తా అని చెప్పిన. రేపటి దాకా చూస్తా, కర్ణాటక వాళ్ళు ఆగరు అన్నడు.

వర్ని దిక్కు హార్వెస్టర్ మెకానిక్ ఒకాయన రావడానికి ఒప్పుకున్నడు. ఆదోని అక్క చెప్పిన ఖర్చు మాట నిజమే, గందుకే మా పక్కూరోళ్ళు ఇద్దరు కూడ పాత మిషన్ల కోసం చూస్తున్నరని తెలిసి మాట్లాడిన. ఆయన ఒక్కసారి పోతే మూడు మిషన్లు చూసి వస్తడు, ఖర్చు మూడు పాళ్ళు. వాళ్ళవి రెండూ ఆ చుట్టుపక్కల్నే ఉన్నయి.

టికెట్ ఆదివారానికి దొరికింది. ఈ లోపల మాది కర్ణాటకకు పోతే పోనీ, మిగిలిన రెండైనా చూసి వస్తడు.

తణుకు మెకానిక్

సుత్తి మర్చిపోవద్దని చెప్పండి. బేరింగ్ దగ్గర చెయ్యి పెట్టినప్పుడు మీకు వీడియో కాల్ చేయమనండి, నేనూ ఉంటాను.