ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్టర్ అయింది, ఎవరిది?

గన్నవరం గజాలు: మా బాబాయ్ 200 గజాల ప్లాటు కొన్నాడు. మార్చి మొదట్లో ఓనర్ సేల్ డీడ్ మీద సంతకం పెట్టాడు, డబ్బంతా ఇచ్చేశాం, అదే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రెజెంట్ చేశాం (రిజిస్ట్రేషన్‌కి ఇచ్చాం). మార్కెట్ వాల్యూ దగ్గర తేడా వచ్చిందని డాక్యుమెంట్ పెండింగ్‌లో పెట్టారు, మాకు రెగ్యులర్ నంబర్ (అంటే రిజిస్ట్రేషన్ పూర్తయినట్టు) మే నెలలో పడింది. ఈలోపు ఏప్రిల్‌లో అదే ఓనర్ ఇంకో ఆయనకి అమ్మేసి ఒక్క రోజులో రిజిస్టర్ చేయించేశాడు. ఇప్పుడాయన వచ్చి ఫెన్సింగ్ వేసేశాడు. ప్లాటు ఎవరిది?

ఈసీ చూశారా: ఎవరిది ముందు రిజిస్టర్ అయితే వాళ్లదే బ్రో. ఏప్రిల్‌లో ఆయన ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) తీస్తే క్లీన్‌గా ఉండుంటది కదా, ఇంకేం చూడాలి ఆయన?

నల్లకోటు: అందరూ చేసే పొరపాటే ఇది. రిజిస్ట్రేషన్ చట్టం 1908, సెక్షన్ 47 చూడండి. డాక్యుమెంట్ ఎప్పుడు రిజిస్టర్ అయినా సరే, ఒకసారి అయ్యాక సంతకం పెట్టిన తేదీ నుంచే చెల్లుతుంది. ప్రెజెంట్ చేయడానికి నాలుగు నెలల టైమ్ ఉంది, వీళ్లు అదే రోజు చేశారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 48 ప్రకారం ముందు పుట్టిన హక్కే ముందు, అంటే ప్లాటు మీ బాబాయ్‌దే. హమ్దా అమ్మాళ్ కేసులో సంతకానికీ రిజిస్ట్రేషన్‌కీ మధ్యలో కోర్టు జప్తు వచ్చి పడినా సుప్రీంకోర్టు కొన్నవాళ్ల పక్షానే నిలబడింది.

ఈసీ చూశారా: అంటే పాపం రెండో ఆయన మునిగిపోవాల్సిందేనా? తెలీకుండా కొన్నవాడికి రక్షణ ఉందని మా లాయరే చెప్పాడు.

నల్లకోటు: ఉంది, కానీ ఇక్కడ కాదు. మొదటివాడి చేతిలో ఉత్త అగ్రిమెంట్ మాత్రమే ఉంటే, రెండోవాడు అది తెలీకుండా డబ్బు పెట్టి కొంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19(బి) ఆయన్ని కాపాడుతుంది. అగ్రిమెంట్‌తో ఆస్తి మీద హక్కు రాదు కాబట్టి. అందులోనూ మొదటివాడు అప్పటికే స్థలంలో ఉంటే "నాకు తెలీదు" అంటే కుదరదు, పొజిషనే నోటీసు, అంటే తెలిసినట్టే లెక్క. ఈసీ తీసి స్థలం చూడకుండా కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఓరుగల్లు అన్న: మరి సబ్ రిజిస్ట్రార్ ఏం చేస్తున్నట్టు? పెండింగ్‌ల ఉన్న డాక్యుమెంట్ ఆయన టేబుల్ మీదనే ఉండె కదా! మళ్ల అదే ప్లాటు ఎట్ల చేస్తడు?

నల్లకోటు: టైటిల్ ఎవరిదో తేల్చడం ఆయన పని కాదన్నా. పాత ఒరిజినల్స్ చూపించకపోతే రిజిస్ట్రేషన్ ఆపొచ్చని తమిళనాడు రూల్ పెట్టుకుంటే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఓరుగల్లు అన్న: తప్పు చేసింది కోర్టు, నా ఉద్దేశం. ఆ పవర్ ఇయ్యాల్సిందే.

ఈసీ చూశారా: ఇస్తే దానికీ ఓ రేటు కడతారు, చూస్తూ ఉండు. పెండింగ్ నంబర్ పడిన రోజే ఈసీలో కనపడేలా చేస్తే చాలు, సగం గొడవలు పోతాయి.

గన్నవరం గజాలు: ఓనర్ కాళ్లావేళ్లా పడుతున్నాడు, రెండోది క్యాన్సిల్ డీడ్ రాసిచ్చేస్తా కేసు వద్దు అంటున్నాడు. తీసుకోమంటారా?

నల్లకోటు: పనికిరాదు. అమ్మినవాడు ఒక్కడే వెళ్లి క్యాన్సిల్ చేస్తే చెల్లదని తోట గంగాలక్ష్మి కేసులో, మన ఉమ్మడి ఏపీ కేసే, 2010లో తేలిపోయింది. చీటింగ్ కేసు పెట్టుకోండి, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318, కానీ దాంతో ప్లాటు రాదు. సివిల్ కోర్టులో డిక్లరేషన్, అంటే ప్లాటు మాదేనని ప్రకటించమని అడగండి, ఫెన్సింగ్ వేశాడు కాబట్టి పొజిషన్ కూడా అడగాలి. అడ్డు రావొద్దని ఉత్త ఇంజంక్షన్ దావా వేసి కూర్చోకండి, టైటిల్ మీద గొడవ ఉంటే అది చాలదని వరంగల్ ప్లాటు కేసులో, అనాతుల సుధాకర్ 2008, క్లియర్‌గా చెప్పారు. ముందు ఆ ప్రెజెంట్ చేసిన రోజు రసీదు ఎక్కడుందో వెతకండి.

గన్నవరం గజాలు: రసీదు ఉంది సార్. ఇంకో డౌట్, ఆ రెండో ఆయన ప్లాటు మీద బ్యాంకు లోన్ కూడా తీసుకున్నాడంట.

నల్లకోటు: అయితే బ్యాంకుని కూడా పార్టీ చేయండి, లేకపోతే రేపు వాళ్లు వేలం నోటీసు పట్టుకుని వస్తారు.